మిగిలిన చుక్కలు

జనవరి 11

చెల్లికి,

ముందు సీసాలు ఫ్రీజర్లో పెట్టు. ఉత్తరం తర్వాత చదువు.

పెట్టావా? సరే.

రక్తం సోమవారం తీశారు. మా ఆస్పత్రిలోనే, మేం దుప్పట్లు ఉతికి మడతపెట్టే గదికి రెండంతస్తుల పైన. అక్కడ ల్యాబాయన ఒకడున్నాడు. చేతులు పని చేస్తుంటే నోరు కూనిరాగం తీస్తుంటుంది. "ఇన్నేళ్ళూ మా దుప్పట్ల మీది రక్తం వదిలించావు, ఇవాళ నీది మాకిస్తున్నావా అమ్మా" అన్నాడు. నవ్వాను.

రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, గిరగిరా తిప్పే యంత్రంలో పెడతారు. ఎరుపంతా అడుక్కి దిగిపోతుంది. పైన లేత పసుపు నీరు తేలుతుంది. అదే సీరం. దాన్ని వడకట్టి, ఉప్పునీటితో పలచన చేసి ఈ చిన్న సీసాల్లోకి నింపారు. మీ డాక్టరమ్మ చీటీలో రాసినట్టే చేశారు.

అందులో మంటను చల్లార్చే ప్రోటీన్లు ఉంటాయట. అందరి రక్తంలోనూ దేవుడు పెట్టినవే. షాపులో దొరికే కంటి చుక్కల్లో అవి ఉండవట. నీ రక్తంలో నీ జబ్బు కూడా తిరుగుతోంది కనుక అది వద్దన్నారు. నాది పనికొస్తుందన్నారు. నాకు సంతోషమనిపించింది.

రెండు గంటలకోసారి, రెండు కళ్ళలోనూ. తెరిచిన సీసా ఫ్రిజ్‌లో ఉంచు. వారం దాటితే మిగిలినా పారెయ్యి. ల్యాబాయన ఈ మాట రెండుసార్లు చెప్పాడు. నేనూ రెండుసార్లు రాస్తున్నాను. మిగిలినా పారెయ్యి.

నిన్ను ఫోన్ తెర చూడొద్దన్నారని ఇంత పెద్ద అక్షరాలు రాశాను. కాగితాలు ఎక్కువయ్యాయి, మాటలు కాదు.

పెద్దక్క

*

జనవరి 29

మౌనస్వామి వారికి,

మీ హారన్ నమస్కరించి మోగునది ఏమనగా, పెట్టె చేరింది, మంచు కరగలేదు, సీసాలు ఫ్రీజర్లో బుద్ధిగా నిలబడ్డాయి. నువ్వు చెప్పినట్టే ఉత్తరం తర్వాతే చదివాను. చదువుతుంటే నువ్వు గుమ్మంలో నిలబడి "పెట్టావా?" అని అడిగినట్టే ఉంది.

మొదటి చుక్క వేసుకునేటప్పుడు భయమేసిందే అక్కా. షాపు చుక్కలు వేసుకుంటే కంట్లో కారం పడ్డట్టుండేది కదా. ఇది చల్లగా జారింది, అంతే. ఏమీ అనలేదు. అచ్చం నీలాగే.

డాక్టరమ్మని అడిగాను, ఆ ప్రోటీన్ల పేరేంటండీ అని. "ఆల్ఫా టూ మాక్రోగ్లోబ్యులిన్ ఒకటి, ఇంకా చాలా ఉన్నాయి" అంది. పేరు కాదది, రెండు బస్సులు కలిపి కట్టినంత ఉంది. "అంత పొడుగువి నా కంట్లో ఎలా పడతాయండీ" అంటే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత అర్థమయ్యేట్టు చెప్పింది. ఒంట్లో దెబ్బ తగిలిన చోట కాపలావాళ్ళు వచ్చి మంట పెడతారట, పురుగు పుట్రా చావాలని. పనయ్యాక ఆ మంట ఆర్పేవాళ్ళు వేరే ఉంటారట. నా ఒంట్లో పెట్టేవాళ్ళకి సెలవే లేదు, ఆర్పేవాళ్ళు చాలట్లేదు. కన్నీటి గ్రంథుల్ని అలాగే ఎండబెట్టేశారు. ఇప్పుడు నీ ఇంటి నుంచి నా ఇంటికి మనుషులొచ్చి ఆర్పుతున్నారన్నమాట.

డిపోలో ఇంకా తాళాల కిటికీ దగ్గరే కూర్చోబెట్టారు. పొద్దున్నే డ్రైవర్లందరూ వరసగా వచ్చి చెయ్యి చాపుతారు, నేను తాళం చేతులు ఇస్తాను. నా బస్సు తాళం కూడా నేనే ఇవ్వాలి, అదీ ఆ నల్లద్దాలాయనకి! దాని మూడో గేరు మొండిది, బుజ్జగించాలి. వీడు గుద్దుతాడు. గేటు దాటేదాకా ఆ శబ్దం వింటూ పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటాను.

మేనేజరు మాత్రం మంచిమాట అన్నాడు. "సెప్టెంబరులో కళ్ళ పరీక్ష పాసవ్వు హారనూ, ఆ బస్సు నీదే. అప్పటిదాకా ఎవరికీ పక్కాగా రాసివ్వను" అన్నాడు. రెండు కళ్ళూ సరిగ్గా ఉండాలి. అదీ షరతు. నాకు వేరే ఏ పనీ రాదు, అక్కా. వచ్చినా వద్దు.

నీ రక్తం పిండుకుంటున్న
హారన్

*

ఏప్రిల్ 6

చెల్లికి,

రెండో పెట్టె. ముందు ఫ్రీజరు.

ల్యాబాయన నీ సంగతి అడిగాడు. బస్సు డ్రైవరని చెప్పాను. కూనిరాగం ఆపేసి, "ఆవిడ బస్సెక్కాలి మేం ఒకరోజు" అన్నాడు.

ఆవిరి ఇస్త్రీ యంత్రం పాడైంది. చేత్తోనే చేస్తున్నాం. పని ఆలస్యమవుతోంది. ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలిగించాలనిపించదు. ఒక్కదానికి రాత్రి వంటెందుకు? ఆ సమయం ప్రార్థనకు పోతోంది. మంచిదే.

చుక్కలు మానకు.

పెద్దక్క

*

ఏప్రిల్ 20

పెద్దక్కా,

మంచి కబురు ముందు. నిన్న కిటికీ దగ్గర కూర్చుని, ఆవరణ అవతలి గోడ పక్కనున్న బస్సు నంబరు ప్లేటు చదివాను. అంకెలు మాత్రమే కాదు, కింద అంటిన బురద కూడా కనిపించింది. పక్కనున్న క్లీనరమ్మని పిలిచి, "ఆ నంబరు ఇదేనా?" అని అడిగాను. "నీకు కళ్ళొచ్చాయేంటే!" అని వీపు మీద ఒక్కటి వేసింది. డాక్టరమ్మ కూడా నల్లగుడ్డు మీది గీతలు తగ్గుతున్నాయంది. ఇలాగే పోతే సెప్టెంబరుకి ఢోకా లేదంది.

ఇక రెండో కబురు. అన్నయ్య సరుకు అమ్ముకుంటూ ఇటొచ్చాడు. నా మంచం మీదే కాళ్ళు చాపుకుని, నా టీ తాగుతూ, "అక్కని చూశాను, సగమైపోయింది" అన్నాడు. "మెడ ఎముకలు బయటికొచ్చాయి. మెట్లెక్కుతూ రెండుచోట్ల ఆగింది. నీకు రక్తం పోసి పోసి అలా అయింది, నీకు కనబడకపోతే నాకు కనబడుతోంది" అన్నాడు.

వాడి మీద కోపమొచ్చింది. వాడు వెళ్ళాక నా మీద నాకొచ్చింది.

నిజమేనా అక్కా? ఫోన్లో అడిగితే "ఊఁ" అంటావు, పెట్టేస్తావు. ఉత్తరంలో "ఊఁ" అని రాయలేవు కదా, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నిజం రాయి.

హారన్

*

ఏప్రిల్ 30

చెల్లికి,

వాడి మాటలు పట్టించుకోకు. వాడు చిన్నప్పుడు కూడా పిల్లిని చూసి పులి అనేవాడు.

నేను బాగానే ఉన్నాను. తీసిన రక్తం మళ్ళీ ఊరుతుంది. ఇందులో చెప్పడానికి ఇంకేమీ లేదు.

నంబరు ప్లేటు సంగతి చదివి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేను ప్రార్థించేది నీ కళ్ళ కోసం. బస్సు కోసం కాదు. అది నీకూ మీ మేనేజరుకీ మధ్యనున్న సంగతి.

పెద్దక్క

*

మే 14

పెద్దక్కకి,

బస్సు కోసం కాదు అని రాశావు. సరే.

లైసెన్సు తెచ్చుకున్న రోజు గుర్తుందా? నీకు చూపిద్దామని పరిగెత్తుకుంటూ వచ్చాను. నువ్వు పెరట్లో బట్టలు ఆరేస్తున్నావు. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని లైసెన్సు తీసుకున్నావు, అటూ ఇటూ తిప్పి చూశావు, "అంత పెద్ద బండి నీకెందుకమ్మా" అన్నావు. తిరిగి బట్టలు ఆరేసుకున్నావు. ఇరవయ్యేళ్ళయింది. ఆ తర్వాత ఒక్కసారైనా నా బస్సు గురించి అడిగావా? పెంచినదానివి కదా, అడగకపోయినా నీ మనసులో ఉంటుందిలే అనుకునేదాన్ని.

పోనీలే. పోట్లాటకి రాయలేదు.

చుక్కలు బాగానే పనిచేస్తున్నాయి. సరిపోవడమే కాదు, మిగులుతున్నాయి కూడా. కాబట్టి నువ్వు మళ్ళీ రక్తం ఇవ్వడానికి తొందరపడకు. నెలో రెండు నెలలో ఆగినా నాకేం ఇబ్బంది లేదు. బాగా తిను. మెట్లు నెమ్మదిగా ఎక్కు.

నల్లద్దాలాయన మూడో గేరు విరగ్గొట్టాడు. బస్సు షెడ్డులో పడుంది. నాకు లోపల్లోపల సంతోషమేసింది, తర్వాత సిగ్గేసింది.

హారన్

*

జూలై 3

చెల్లికి,

ఈసారి పెట్టె రాదు.

రక్తం ఇవ్వలేదు. కారణం ఇప్పుడు రాయలేను, అడగకు. కొన్ని నాకూ దేవుడికీ మధ్యనున్నవి. నోటితో అంటే తేలికైపోతాయి.

నీ దగ్గర మిగిలాయన్నావు కదా, ప్రస్తుతానికి అవి వాడుకో. పరీక్షలోపు మళ్ళీ పంపడానికి చూస్తాను.

మెత్తటి పాత దుప్పటి ముక్కలు ఉతికి, ఇస్త్రీ చేసి పంపుతున్నాను. కళ్ళు ఒత్తుకోవడానికి. మరిగించిన నీళ్ళలో ముంచి, చల్లార్చి వాడు.

పెద్దక్క

*

జూలై 12

అక్కకి,

గుడ్డముక్కలు అందాయి.

నీకూ దేవుడికీ మధ్యన నా కళ్ళ సంగతి కూడా ఉందని తెలీదు నాకు. ఇవ్వలేకపోతే ఒక్కమాట అంటే చాలు. నేను మళ్ళీ బస్సెక్కడం నీకిష్టం లేదు, అందుకే పరీక్ష దగ్గరికొచ్చేసరికి ఆపేశావు. ఇంతే కదా? దానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడమెందుకు?

నా దగ్గరున్నవి నేను చూసుకుంటాను. ఇంక అడగను.

చెల్లెలు

*

ఆగస్టు 2

చెల్లికి,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఏమని రాయాలో తెలియక రోజులు గడిచాయి. ఫోన్ చేస్తే నువ్వు తీయడం లేదు.

నువ్వు అనుకున్నది కారణం కాదు. ఇంతకంటే రాయలేను. రాస్తే పట్టుకున్నది మధ్యలో వదిలేసినట్టవుతుంది. సెప్టెంబరు దాకా ఓర్చుకో. అన్నీ చెప్తాను.

కళ్ళెలా ఉన్నాయి? అది ఒక్కటి రాయి. రెండు ముక్కలు చాలు.

పెద్దక్క

*

ఆగస్టు 19

అక్కా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. ఎడమకన్నుతో రాస్తున్నాను. కుడికన్ను మీద మెత్త పెట్టి కట్టారు. కళ్ళాస్పత్రి మంచం మీదున్నాను. పక్క మంచం ముసలమ్మకి దగ్గొచ్చినప్పుడల్లా నా గీత జారుతోంది.

కుడికంట్లో పుండు పడింది. మూడు వారాలు మందులు పోశారు. పుండు మానింది, తెల్లగా పువ్వు వేసింది. నల్లగుడ్డు మధ్యలో, సరిగ్గా చూపు ఉండే చోట. వెలుగు తెలుస్తోంది, మనిషి తెలియడం లేదు. గుడ్డు మార్చరా అని అడిగాను. తడి లేని కంట్లో కొత్తది నిలవడం కష్టమంది డాక్టరమ్మ.

నీ మీద కోపంతో దాచాననుకోకు. దాచింది సిగ్గుతో.

అన్నయ్య వచ్చి వెళ్ళిన రోజు నుంచి నేను చుక్కలు తగ్గించేశాను. రెండు గంటలకోసారి వేసుకోమన్నావు. పొద్దునొకటి, రాత్రొకటి వేసుకున్నాను. ప్రతి చుక్కా నీ మెడ ఎముకల్లోంచి తీసినట్టే అనిపించేది. సీసా పిండాలంటే చెయ్యొచ్చేది కాదు. వారం దాటిన సీసా పారెయ్యమన్నావు. అక్క రక్తాన్ని సింకులో ఎలా పారబోస్తానే? మళ్ళీ మూతపెట్టి, గుడ్లు పెట్టుకునే అరలో వరసగా నిలబెట్టాను. అవే మిగిలినవి. నీకు "మిగులుతున్నాయి" అని రాసినవి అవే.

నీ పెట్టె రానప్పుడు మంచి సీసాలు అయిపోయాయి. ఆ పాతవాటిలోంచి వేసుకున్నాను. ఏదో ఒకదాంట్లో పురుగు చేరింది. డాక్టరమ్మ వాసన చూసి, "ఎంతకాలమైంది ఇది తెరిచి?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. అది చూసి ఇంకా భయమేసింది.

తక్కువ వేసుకోబట్టే నల్లగుడ్డు మళ్ళీ ఒరుసుకుపోయిందట. ఒరుసుకుపోబట్టే పురుగుకి దారి దొరికిందట.

మేనేజరు వచ్చాడు. ఏదేదో మాట్లాడాడు, వాళ్ళావిడ ఊరెళ్ళిన సంగతి, కొత్త టైర్ల సంగతి. లేచేటప్పుడు, "తాళాల కిటికీ ఎప్పటికీ నీదే హారనూ" అన్నాడు. అంటే బస్సు ఇచ్చేశాడన్నమాట.

ఇప్పుడు కోపం లేదు. ఒక్కటే అడుగుతున్నాను, ఎందుకివ్వలేదే?

చెల్లెలు

*

సెప్టెంబరు 9

చెల్లికి,

నీ ఉత్తరం చదివిన సాయంత్రమే బయల్దేరాను. నీ దగ్గర వారం ఉన్నాను. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పాలనే వచ్చాను. రోజూ పొద్దున్న ఇవాళ చెప్తాను అనుకునేదాన్ని. అన్నం కలిపి పెట్టాను, కంట్లో మందు వేశాను, నీ యూనిఫాం చిలక్కొయ్యకి వేలాడుతుంటే తీసి మడతపెట్టాను. నోరు పెగల్లేదు. చివరికి బస్టాండులో కూడా "జాగ్రత్త" అని ఎక్కేశాను. నాకు రాయడమే వచ్చు. అదీ సరిగ్గా రాదని ఈ ఏడాది తెలిసింది.

ఒకరోజు నువ్వు పడుకున్నావనుకుని పక్కన కూర్చున్నాను. నువ్వు చెయ్యి చాపి నా మెడ కింద ఎముక తడిమావు. అక్కడి నుంచి మొదలుపెడతాను.

నన్ను సగం చేసింది నువ్వు కాదు. రక్తం ఇచ్చినందువల్ల ఎవరూ అలా అవరు. నీ మొదటి ఉత్తరంలో పరీక్ష సంగతి చదివిన రోజు మొక్కుకున్నాను. నీ పరీక్ష అయ్యేదాకా రోజుకి ఒక్కపూటే తింటానని, అదీ కొద్దిగానే తింటానని, ఎవరికీ చెప్పనని. పొయ్యి వెలిగించాలనిపించడం లేదని నీకు రాసింది అందుకే. అబద్ధం రాయకూడదని అలా రాశాను. నిజం కూడా రాయలేదు.

ఆకలి పెద్దగా బాధించలేదు. కడుపు మాడినప్పుడల్లా నీ కళ్ళకి ఏదో చేరుతోందనుకునేదాన్ని. మెట్ల మీద ఆగిపోయినప్పుడు కూడా సంతోషంగానే ఉండేది.

జూలైలో రక్తం ఇవ్వడానికి పైకి వెళ్ళాను. ల్యాబాయన ముందు చిన్న గొట్టంలో తీసి చూశాడు. కూనిరాగం ఆగిపోయింది. "ఏమ్మా, తింటున్నావా లేదా?" అన్నాడు. తింటున్నానన్నాను. "ఈ రక్తం తినే మనిషిది కాదు. ఇందులో ప్రోటీను పడిపోయింది. నువ్వు తిన్నదాంట్లోంచే కదమ్మా అవి తయారవ్వాలి? గాల్లోంచి వస్తాయా? ఇది తీస్తే నువ్వు పడిపోతావు, మీ చెల్లెలికీ పలచటి నీళ్ళే మిగులుతాయి" అన్నాడు. సూది మూతపెట్టేశాడు. బతిమాలాను. వినలేదు. "పోయి రెండు నెలలు కడుపునిండా తిని రా" అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి తినాల్సింది. తినలేదు. మొక్కు సెప్టెంబరు దాకా కదా, మధ్యలో వదిలితే నీ చూపుకి ఏమవుతుందో అని భయపడ్డాను. నీ దగ్గర మిగిలాయన్నావు, అవి చాలతాయిలే అనుకున్నాను. నువ్వు నా మెడ సంగతి విని చుక్కలు దాచావు. నీ మిగిలిన చుక్కలు చూసుకుని నేను ఆకలి దాచాను.

నీకోసం మందు అడుగుతూ ఉండేదాన్ని. దేవుడు ఆ మందు నా ఒంట్లోనే పెట్టి ఉంచాడు. అది ఆరిపోయేదాకా ఆయన్ని అడుగుతూ కూర్చున్నాను.

మీ ఫ్రిజ్‌లో గుడ్ల అరలోని సీసాలు నేనే పారబోశాను. ఒక్కొక్కటీ తీసి సింకులో వంచాను. నీళ్ళు వదిలి కడిగాను. నువ్వెందుకు పారబోయలేకపోయావో అప్పుడు తెలిసింది.

ఇంకొకటి ఉంది. లైసెన్సు రోజు నేను అన్న మాట. అమ్మ పోయాక నువ్వు నా చేతిలో పెరిగావు. రోడ్డు మీద నీకేమన్నా అయితే అన్న భయం అలా వచ్చింది. భయంగా ఉందని అనలేదు, బండెందుకన్నాను.

ఆ తర్వాతేడు మా ఆస్పత్రి పని మీద మీ ఊరొచ్చాను. నీకు చెప్పలేదు. డిపో బయట నిలబడి నీ బస్సెక్కాను. వెనక చివరి సీటులో, కొంగు కప్పుకుని కూర్చున్నాను. నువ్వు అద్దంలో చూస్తావేమోనని తల వంచుకున్నాను. మలుపు దగ్గర కర్రతో ఒక ముసలాయన దాటుతుంటే బస్సు పూర్తిగా ఆపేశావు. వెనక బండ్లన్నీ హారన్లు కొట్టాయి. నువ్వు కదల్లేదు. ఆయన అవతలి గట్టెక్కాక చెయ్యి ఊపాడు. నువ్వూ ఊపావు. నేను చివరి స్టాపు దాకా వెళ్ళి, దిగి, నడిచి వెనక్కి వచ్చాను. ఆ రోజు ఎంత గర్వపడ్డానో నీకెప్పుడూ రాయలేదు. రాసి ఉంటే "బస్సు కోసం కాదు" అన్నదాన్ని నువ్వు అలా చదివేదానివి కాదు. నేను అన్నది, నీ బస్సు నువ్వే సంపాదించుకోగలవు, దానికి దేవుణ్ణి అడగక్కర్లేదని.

ఇప్పుడు చెప్పినా బస్సు లేదు. తెలుసు.

తింటున్నాను. మొక్కు వదిలేశాను.

పెద్దక్క

*

సెప్టెంబరు 24

అక్కా,

చదివాను. మధ్యలో ఆపి, చుక్క వేసుకుని, మళ్ళీ చదివాను. ఇప్పుడు నావి షాపు చుక్కలే, కారం.

చివరి సీటా? అప్పటి నా బస్సులో చివరి సీటు స్ప్రింగు పోయింది, ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఎవరో కొంగు కప్పుకున్నావిడ అక్కడే చివరి స్టాపు దాకా కూర్చుంటే పిచ్చిదనుకున్నాను. అది నాకు గుర్తుందో, నీ ఉత్తరం చదివాక గుర్తున్నట్టు అనిపిస్తోందో తెలియడం లేదు. గుర్తుందనే అనుకుంటాను.

ఏడవాలనిపించింది. నీళ్ళు రావు కదా. గొంతు మాత్రం ఏడ్చింది. కిటికీ దగ్గరికొచ్చిన డ్రైవరు, "హారన్ బొంగురుపోయిందేంటి" అన్నాడు.

నల్లద్దాలాయన గేరు సరిచేయించాడు. ఇవాళ గేటు దగ్గర శబ్దం రాలేదు. వాడు దిగొచ్చి అడిగాడు, "దీన్ని ఎలా బుజ్జగిస్తావు?" అని. చెప్పాను. క్లచ్ పూర్తిగా తొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు వెయ్యమన్నాను. ఆగడమే దాని కిటుకు. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఎడమకంట్లో గీతలు పడుతున్నాయట. దానికి నీ చుక్కలు కావాలి. అడగనని రాశాను కదా, అడుగుతున్నాను.

ముందు తిను. ఏం తిన్నావో రాయి. "బాగానే ఉన్నాను" అని రాస్తే ఉత్తరం వెనక్కి పంపేస్తాను.

హారన్

*

నవంబరు 16

చెల్లికి,

సీసాలు ముందు ఫ్రీజర్లో పెట్టు.

ఏం తిన్నానో రాయమన్నావు. పొద్దున్న రెండు గుడ్లు, పాలు. మధ్యాహ్నం పనిలో అన్నం, పప్పు. మా గదిలోవాళ్ళు నా గిన్నెలో వాళ్ళ కూర వేస్తున్నారు. తమ్ముడు ఏం చెప్పాడో వాళ్ళకి. రాత్రి మళ్ళీ అన్నం, పెరుగు. మొదట్లో రాత్రి ముద్ద దిగేది కాదు. ఇన్ని రోజులు తినకపోవడం తేలికైంది, తినడమే కష్టమైంది. నీ ఎడమకన్ను తలుచుకుని మింగాను.

శుక్రవారం పైకి వెళ్ళాను. ల్యాబాయన చిన్న గొట్టం వెలుతురుకి ఎత్తి చూశాడు, లోపలికెళ్ళి వచ్చాడు. కూనిరాగం అందుకున్నాడు. కుర్చీ చూపించాడు. రక్తం పోతున్నంతసేపూ నీ కుడికన్నే గుర్తొచ్చింది. తిని ఉంటే ఈ రక్తం జూలైలోనూ ఇలాగే ఉండేది కదా అనుకున్నాను. ఎందుకు తినలేదని నన్ను నేను అడుగుతూనే ఉంటాను, నాకు తెలుసు.

గంటలు చూసి వేసుకో. వారం దాటిందాన్ని పారబొయ్యి. నువ్వు పారబోస్తే నాకు బాధ లేదు. మళ్ళీ తింటాను. మళ్ళీ ఊరుతుంది. మిగల్చకు.

ఈసారి ఉత్తరం పొడుగైంది. ఒక్క కన్నుతో చదవాలి నువ్వు, అలిసిపోతే ఆగి చదువు.

ప్రార్థన మానలేదు. ఇప్పుడు తిన్నాకే కూర్చుంటున్నాను.

పెద్దక్క